వ్యాపారానికి సైబర్ ఇన్సూరెన్స్ ఎంచుకోవడం ఎలా: పాలసీని వెనక పేజీల నుంచి చదవండి

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసేవారైనా, విజయవాడలో అరవై పడకల ఆసుపత్రి నడిపేవారైనా, మాదాపూర్‌లో ముప్పై మందితో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినవారైనా సైబర్ పాలసీ కొనేటప్పుడు అడిగేవి రెండే ప్రశ్నలు: కవర్ ఎంత, ప్రీమియం ఎంత. ఆ రెండు అంకెలూ మొదటి పేజీలోనే కనబడతాయి. రేపు మీ కంప్యూటర్ల మీద దాడి జరిగితే డబ్బు చేతికొస్తుందా రాదా అన్నది తేల్చేవి మాత్రం వేరే ఉన్నాయి. ఎక్కడో లోపలి పేజీలో ఉన్న సబ్-లిమిట్ (ఒక్కో రకం నష్టానికి పెట్టే వేరే పరిమితి) ఒకటి, చివర్లో చిన్న అక్షరాల్లో ఉన్న మినహాయింపు ఇంకొకటి, ప్రపోజల్ ఫారంలో మీరు ఆలోచించకుండా టిక్ పెట్టిన ‘అవును’ మూడోది. కొనేముందు చేయాల్సిన పనంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఒక హెచ్చరిక. బ్యాంకు యాప్‌లోనో, ఆన్‌లైన్‌లోనో ఏడాదికి కొన్ని వందల రూపాయలకు దొరికే వ్యక్తిగత సైబర్ పాలసీ మీ వ్యాపారానికి పనికిరాదు. షాపు మీ పేరు మీదే ఉన్నా, కరెంట్ అకౌంట్ మీ పేరు మీదే ఉన్నా, వ్యాపార నష్టాలు అందులో సాధారణంగా మినహాయింపే. మీకు కావాల్సింది సంస్థ పేరు మీద తీసుకునే వాణిజ్య సైబర్ పాలసీ.

1. ఏం ఆగిపోతే ఎంత పోతుందో రాసుకోండి

కంపెనీలకు ఫోన్ చేయకముందే ఒక కాగితం తీసుకుని మీ దగ్గరున్న కంప్యూటర్ వ్యవస్థల జాబితా రాయండి. మెయిల్, ట్యాలీ లేదా బిల్లింగ్, ఆసుపత్రి అయితే రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్, బ్యాంకు లాగిన్లు, పేరోల్. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: అది ఎవరి సర్వర్‌లో ఉంది, ఎవరి సమాచారం ఎన్ని రికార్డులు ఉన్నాయి, ఒక రోజు ఆగితే ఏ పని నిలిచిపోతుంది.

తర్వాత లెక్క. విజయవాడ ఆసుపత్రినే ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు ఊహించినవి, పద్ధతి మాత్రం మీకు అలాగే పనికొస్తుంది. ఏడాది ఆదాయం 18 కోట్లు. రోజుకు సుమారు 4.93 లక్షలు. ఇందులో మందులు, సర్జికల్ సామాన్లు, విజిటింగ్ డాక్టర్ల ఫీజుల్లాంటి ఖర్చులు రోగులు రాకపోతే ఎలాగూ ఆగిపోతాయి. వాటిని 45 శాతం అనుకోండి. మిగిలిన 55 శాతం, అంటే రోజుకు 2.71 లక్షలు, జీతాలు, అద్దె, ఈఎంఐ, లాభం కలిసిన మొత్తం. ఇదే మీ నిజమైన రోజువారీ నష్టం. సర్వర్లు లాక్ అయి పది రోజులు పూర్తిగా ఆగితే 27.1 లక్షలు. ఆ తర్వాత పదిహేను రోజులు సగం పనే నడిస్తే ఇంకో 20.3 లక్షలు. కలిపి 47.4 లక్షలు.

‘పది రోజులు ఎందుకు ఆగుతుంది, రెండు రోజుల్లో లేపేస్తాం’ అని చాలామంది ఐటీ కుర్రాళ్లు నమ్మకంగా చెబుతారు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగినప్పుడు రిజిస్ట్రేషన్లు, రిపోర్టులు రోజుల తరబడి చేతిరాతతో నడిచాయి. అంత పెద్ద సంస్థకే అలా అయితే మీ అంచనాను రెండింతలు చేసి వేసుకోవడం మంచిది.

ఆ మొత్తానికి ఇవి కలపండి: దాడి ఎలా జరిగిందో తేల్చే ఫోరెన్సిక్ నిపుణుల ఫీజు, సర్వర్లు మళ్లీ నిలబెట్టే ఖర్చు, లాయరు ఫీజు, సమాచారం బయటకు పోయిన వాళ్లందరికీ తెలియజేసే ఖర్చు. మొదటి మూడింటికి ఒకరిద్దరు వెండార్ల దగ్గర నోటి మాట కాకుండా కొటేషన్ తీసుకోండి. నాలుగోది రికార్డుల సంఖ్య మీద ఆధారపడుతుంది. 90 వేల మంది రోగుల రికార్డులుండి ఒక్కొక్కరికి ఉత్తరం, ఫోన్ హెల్ప్‌డెస్క్ కలిపి 40 రూపాయలు అనుకున్నా 36 లక్షలు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఆసుపత్రిలో ఇప్పుడున్న రోగుల సంఖ్యే రాస్తారు. సర్వర్‌లో పదేళ్ల నాటి రికార్డులు కూడా ఉంటాయి, దొంగ వాటిని వదిలేసి పోడు.

ఎగుమతిదారుల లెక్క వేరు. వాళ్లకు అతి పెద్ద ప్రమాదం సర్వర్ ఆగడం కాదు, ఒక్క తప్పు చెల్లింపు. కిందటి ఏడాది మీరు ఒకేసారి పంపిన అతి పెద్ద మొత్తం ఎంతో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. ఆ అంకెను ఎర్ర ఇంకుతో పైన రాయండి. అది మూడో మెట్టులో అవసరమవుతుంది.

2. అడగకముందే ఇల్లు సర్దుకోండి

బీమా కంపెనీలు ఇప్పుడు రక్షణ చర్యలను చూసే కోట్ ఇస్తాయి. కొన్ని లేకపోతే కోట్ ఇవ్వవు, ఇచ్చినా రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే దాడి) కవర్‌ను సగానికి కోసేస్తాయి. అన్నీ ఒకేసారి చేయలేకపోతే ఈ వరుసలో చేయండి.

మొదటిది రిమోట్ లాగిన్. ఆడిటరో అకౌంటెంటో ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికని రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టిన ఆఫీసులు మన ఊళ్లలో కొల్లలు. రాన్సమ్‌వేర్ ముఠాలు ముందు తట్టే తలుపు అదే. పరీక్షించడం తేలిక. ఆఫీసు వైఫై వదిలేసి, లాప్‌టాప్‌ను మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపి, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆఫీసు పబ్లిక్ ఐపీ అడ్రస్ కొట్టండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పెట్టె కనిపించిందంటే తలుపు ఊరందరికీ తెరిచి ఉన్నట్టే. పోర్టు నంబరు మార్చి ఉంటే ఈ పరీక్షకు దొరకదు కాబట్టి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ కూడా తెరిచి చూడండి. నంబరు మార్చడం రక్షణ కాదు. దాన్ని మూసేసి వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి) పెట్టించండి, వీపీఎన్‌కు ఓటీపీ లేదా ఆథెంటికేటర్ యాప్ పెట్టించండి.

రెండోది బ్యాకప్. సర్వర్‌కు ఎప్పుడూ గుచ్చి ఉంచిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను బ్యాకప్ అనుకోకండి. సర్వర్‌తో పాటు అదీ లాక్ అవుతుంది. డేటా మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఆఫీసు బయట ఉండాలి. కనీసం ఒక కాపీ నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా గానీ, మార్చడానికి వీల్లేని క్లౌడ్ బ్యాకప్‌గా గానీ ఉండాలి. మూడు నెలలకోసారి ఒక ఖాళీ కంప్యూటర్‌లోకి రీస్టోర్ చేసి, ఎన్ని గంటలు పట్టిందో తేదీతో సహా రాయండి. ఆ గంటలు మీ మొదటి మెట్టు లెక్కను సరిదిద్దుతాయి. ప్రపోజల్ ఫారంలో రాయాల్సిన జవాబూ అదే.

ఆ తర్వాత అందరి మెయిళ్లకూ రెండంచెల లాగిన్, అడ్మిన్ ఖాతాలకు వేరే పాస్‌వర్డులు, కాలం చెల్లిన విండోస్ మిషన్లు తీసేయడం లేదా నెట్‌వర్క్ నుంచి విడదీయడం, మామూలు యాంటీవైరస్ బదులు ఈడీఆర్ (కంప్యూటర్‌లో వింత కదలికలను కనిపెట్టి ఆపే సాఫ్ట్‌వేర్). ల్యాబ్‌లో ఎనలైజర్‌కు కలిపిన పాత విండోస్ 7 మిషన్‌ను తీయలేమంటే, దాన్ని ఇంటర్నెట్ లేని వేరే నెట్‌వర్క్‌లో ఉంచి ఆ సంగతి రాసి పెట్టుకోండి.

3. కోట్లు తెప్పించి, వర్డింగ్ చదవండి

పాలసీ కావాల్సిన తేదీకి 45 నుంచి 60 రోజుల ముందు మొదలుపెట్టండి. ఏజెంటు బీమా కంపెనీ తరఫు మనిషి. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉన్న బ్రోకర్ చట్టప్రకారం మీ తరఫు మనిషి. సైబర్ పాలసీకి బ్రోకర్ ద్వారా వెళ్లడమే మేలని మా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో నిబంధనల మీద బేరం ఆడవచ్చు, ఆడాలి. సైబర్ క్లెయిములు ఎన్ని నడిపారో బ్రోకర్‌ను అడగండి. మోటార్, ఫైర్ పాలసీలు మాత్రమే చేసిన మనిషైతే ఇంకొకరిని చూడండి.

ఒకే ప్రపోజల్ ఫారం నింపి మూడు నాలుగు కంపెనీలకు పంపించండి. ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా రాస్తే పోల్చడానికి ఉండదు, తర్వాత చిక్కు కూడా. బ్రోషర్ ఇస్తే తీసుకోకండి. పూర్తి పాలసీ వర్డింగ్ (నిబంధనల పాఠం), అన్ని ఎండార్స్‌మెంట్లు (దానికి చేర్చే మార్పులు), డ్రాఫ్ట్ షెడ్యూల్ (మీ పేరు, లిమిట్లు ఉండే పట్టిక) అడగండి. అవి చేతికి వచ్చాక చివరి పేజీల నుంచి చదవడం మొదలుపెట్టండి.

*సబ్-లిమిట్లు.* షెడ్యూల్‌లో ‘మొత్తం లిమిట్ 5 కోట్లు’ అని ఉంటుంది. కింద వరుసగా సోషల్ ఇంజినీరింగ్ (నమ్మించి డబ్బు పంపించుకునే మోసం) 25 లక్షలు, సైబర్ ఎక్స్‌టార్షన్ (బెదిరించి డబ్బు గుంజడం) 1 కోటి, డేటా రీస్టోరేషన్ 50 లక్షలు అని ఉంటాయి. ఇవి 5 కోట్లకు అదనం కాదు, అందులో భాగమే. ఎర్ర ఇంకుతో రాసిన అంకె ఇప్పుడు తీయండి. మీరు ఒకేసారి 80 లక్షలు పంపే వ్యాపారమైతే, నకిలీ మెయిల్ నమ్మి ఆ 80 లక్షలు దొంగ ఖాతాకు పంపారనుకోండి. 5 కోట్ల పాలసీ చేతిలో ఉన్నా మీకు వచ్చేది గరిష్ఠంగా 25 లక్షలు. డిడక్టబుల్ (నష్టంలో మీరే భరించాల్సిన భాగం) 5 లక్షలు ఉంటే, దాన్ని నష్టంలోంచి తీస్తారా, లిమిట్‌లోంచి తీస్తారా అన్నది ఇంకో ప్రశ్న. నష్టంలోంచి తీస్తే 75 లక్షలు మిగులుతుంది, లిమిట్ 25 కాబట్టి 25 వస్తుంది. లిమిట్‌లోంచి తీస్తే వచ్చేది 20. ఏది వర్తిస్తుందో మెయిల్‌లో రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి. ప్రీమియం కొంచెం పెరిగినా ఎగుమతిదారులు ఈ ఒక్క సబ్-లిమిట్‌ను పెంచుకోవాలి. మొత్తం లిమిట్‌ను 5 నుంచి 10 కోట్లు చేయడం కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

*ఫోన్ చేసి నిర్ధారించుకోవాలన్న షరతు.* సోషల్ ఇంజినీరింగ్ కవర్ కింద చాలా పాలసీల్లో ఒక వాక్యం ఉంటుంది: సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని చెబితే, డబ్బు పంపేముందు మీ దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. మెయిల్‌లో ఇచ్చిన కొత్త నంబరుకు చేస్తే లెక్కకు రాదు, అక్కడ ఫోనెత్తేది దొంగే. ఈ షరతు పాటించకపోతే క్లెయిమ్ పోతుంది. కాబట్టి అకౌంట్స్ విభాగంలో ఒక పుస్తకం పెట్టండి: తేదీ, ఎవరి ఖాతా మారింది, ఏ నంబరుకు చేశారు, అవతల ఎవరు మాట్లాడారు, ఎవరు ఆమోదించారు. ఒక్కో ఎంట్రీకి రెండు నిమిషాలు. క్లెయిమ్ రోజున నష్టం లెక్కగట్టే సర్వేయరు ముందు పెట్టడానికి దీన్ని మించిన కాగితం ఉండదు. ఓనరు గారే వాట్సాప్‌లో ‘అర్జెంటుగా పంపు’ అన్నా ఈ పుస్తకం దాటి వెళ్లకూడదు. ఓనరు ఫొటో పెట్టుకుని మోసం చేసేవాళ్లు వాడే మాట సరిగ్గా అదే.

*రెట్రోయాక్టివ్ డేట్.* సైబర్ పాలసీలు ఎక్కువగా ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతిలో ఉంటాయి. పాలసీ నడుస్తుండగా బయటపడి, అప్పుడే తెలియజేసినవే కవర్ అవుతాయి. దానికి తోడు, దాడి ఫలానా తేదీ తర్వాత మొదలై ఉండాలని ఒక గీత ఉంటుంది. ఆ గీతే రెట్రోయాక్టివ్ డేట్. హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో సుమారు 12.48 కోట్లు కొట్టేశారు. ఉద్యోగులకు ఫిషింగ్ మెయిళ్లు (నమ్మించి లోపలికి దారి చేసుకునే నకిలీ మెయిళ్లు) అంతకు ముందు నవంబర్‌లోనే వచ్చాయని పోలీసులు తేల్చారు. దొంగ లోపలికి వచ్చేది ఒక రోజు, దోచేది నెలల తర్వాత. ఇలాంటి ఘటనలో పాలసీ డిసెంబర్‌లో మొదలై, రెట్రోయాక్టివ్ డేట్ కూడా అదే రోజు అయితే, దాడి మా గీతకు ముందే మొదలైందని కంపెనీ వాదించవచ్చు. ‘పూర్తి పూర్వకాల కవర్’ అడగండి. ఇవ్వకపోతే కనీసం రెండేళ్లు వెనక్కి జరపమనండి. కంపెనీ మార్చినప్పుడు కూడా పాత తేదీనే కొనసాగించమని రాయించుకోండి.

*ఏ కారణంతో ఆగితే కవర్?* కొన్ని పాలసీలు బయటి దాడి వల్ల ఆగితేనే వ్యాపార నష్టం ఇస్తాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లోపంతో ప్రపంచమంతా కంప్యూటర్లు ఆగి, శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అందులో దొంగ లేడు, దాడి లేదు. అలాంటివి కావాలంటే ‘సిస్టమ్ ఫెయిల్యూర్’ కవర్ ఉండాలి. మీ సొంత సర్వర్ బాగానే ఉండి మీ వెండార్ మీద దాడి జరిగితే ‘డిపెండెంట్ బిజినెస్ ఇంటరప్షన్’ ఉండాలి. 2024 జూలై చివర్లో చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ సేవలిచ్చే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ దాన్ని తన నెట్‌వర్క్ నుంచి వేరు చేసింది, దాని మీద ఆధారపడిన దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. మొదటి మెట్టులో ‘ఎవరి సర్వర్‌లో ఉంది’ అని రాయమన్నది ఇందుకే. ఆ కాలమ్‌లో బయటి కంపెనీ పేరు ఎక్కువసార్లు వస్తే ఈ కవర్ తప్పనిసరి. కరెంటు పోవడం, టెలికం లైను తెగడం మాత్రం దాదాపు అన్ని పాలసీల్లోనూ మినహాయింపే.

*వెయిటింగ్ పీరియడ్.* ఆగిపోయిన మొదటి 8 లేదా 12 గంటలకు నష్టం ఇవ్వరు. మన ఆసుపత్రి లెక్కలో 12 గంటలంటే 1.36 లక్షలు, భరించవచ్చు. పండగ సేల్ రోజున ఆన్‌లైన్ షాపుకు అదే 12 గంటలు సీజనంతా కావచ్చు.

*కనీస రక్షణ షరతులు.* ‘ప్యాచ్‌లు (భద్రతా అప్‌డేట్లు) 30 రోజుల్లో వేయకపోతే’, ‘ఎన్‌క్రిప్ట్ చేయని లాప్‌టాప్ పోతే’ క్లెయిమ్ లేదు అనే వాక్యాలు కనిపిస్తే వాటిని తీసేయమని అడగండి. మనిషి మర్చిపోవడం వల్లే చాలా దాడులు జరుగుతాయి. మర్చిపోతే ఇవ్వం అనే పాలసీ మీకు అవసరమైన రోజునే పనికిరాకుండా పోతుంది. తీయకపోతే ఆ కోట్‌ను పక్కన పెట్టడానికి వెనకాడకండి, అది ఎంత చవకైనా సరే.

*యుద్ధం మినహాయింపు.* లండన్‌లోని లాయిడ్స్ అనే బీమా వేదిక 2023 మార్చి 31 నుంచి ప్రభుత్వాల అండతో జరిగే సైబర్ దాడులకు మినహాయింపు పెట్టాలని తన మార్కెట్‌ను ఆదేశించింది. ఆ ప్రభావం రీఇన్సూరెన్స్ (బీమా కంపెనీలు తమకు తీసుకునే బీమా) ద్వారా ఇక్కడికీ వస్తుంది. ఆ దాడి ఏ దేశం చేయించిందో నిరూపించాల్సిన భారం బీమా కంపెనీదేనని వర్డింగ్‌లో స్పష్టంగా ఉండాలి.

*జరిమానాలు.* డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం తగిన భద్రత పెట్టకపోతే 250 కోట్ల వరకు, డేటా బయటపడిన సంగతి తెలియజేయకపోతే 200 కోట్ల వరకు జరిమానా వేయవచ్చు. పాలసీలో ‘చట్టం అనుమతించిన మేరకు’ జరిమానాలు ఇస్తామని రాస్తారు. దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోకండి. విచారణలో వాదించే లాయరు ఖర్చు కవర్ అవుతుందా అన్నదే అసలు ప్రశ్న, అది స్పష్టంగా ఉండాలి. లాయరు ఖర్చు మొత్తం లిమిట్‌లోంచే తగ్గుతుందా, వేరుగా ఇస్తారా కూడా చూడండి.

అమెరికా క్లయింట్లున్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇంకొకటి చూడాలి. ‘టెరిటరీ’ ప్రపంచమంతా అని ఉండి, ‘జ్యూరిస్‌డిక్షన్’ దగ్గర భారత్ మాత్రమే అని ఉంటే అక్కడి కోర్టులో వేసిన కేసు కవర్ కాదు. అమెరికా, కెనడా చేర్చాలి. మీరు రాసిన కోడ్‌లో తప్పు వల్ల క్లయింటుకు నష్టం వస్తే అది ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ పని. రెండూ ఒకే కంపెనీలో తీసుకుంటే ‘ఇది మాది కాదు’ అని ఒకరి మీద ఒకరు నెట్టుకునే అవకాశం తగ్గుతుంది.

4. ప్రపోజల్ ఫారం

ఎక్కువ క్లెయిములకు పునాది ఇక్కడే పడుతుంది, పగుళ్లూ ఇక్కడే వస్తాయి. బ్రోకర్ ఆఫీసు అమ్మాయి ఫోన్‌లో అడిగి నింపేస్తే సంతకం పెట్టకండి. యజమాని, ఐటీ చూసే మనిషి, అకౌంటెంటు ముగ్గురూ ఒక గంట కూర్చుని నింపండి.

ఒక ప్రశ్న దగ్గరగా చూద్దాం: ‘అన్ని రిమోట్ కనెక్షన్లకూ, అడ్మిన్ ఖాతాలకూ రెండంచెల లాగిన్ ఉందా?’ మెయిల్‌కు ఉంది కదా అని ‘అవును’ కొట్టేస్తారు. ప్రశ్నలో బరువంతా ‘అన్ని’ అన్న మాట మీద ఉంది. 2022లో అమెరికాలో ట్రావెలర్స్ బీమా కంపెనీ, ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే తయారీ సంస్థ మీద కోర్టుకెళ్లింది. ఫారంలో రెండంచెల లాగిన్ ఉందని రాశారు, రాన్సమ్‌వేర్ దాడి తర్వాత చూస్తే ఫైర్‌వాల్‌కు మాత్రమే ఉంది, సర్వర్లకు లేదు. చివరికి పాలసీయే మొదటి నుంచీ లేనట్టుగా రద్దయింది. మన దేశంలోనూ బీమా ఒప్పందం పూర్తి నిజాయితీ మీద నిలబడేదే. ముఖ్యమైన విషయం తప్పు చెబితే కంపెనీ పాలసీనే కొట్టేయవచ్చు.

సగం ఉంటే సగం ఉందని రాయండి. ఫారంలో చోటు లేకపోతే అనుబంధం జతచేయండి: ‘మెయిల్‌కు ఉంది. వీపీఎన్‌కు ఉంది. పాత బిల్లింగ్ సర్వర్ అడ్మిన్ లాగిన్‌కు లేదు, సెప్టెంబర్ 30 లోపు పెడతాం.’ కంపెనీ దాన్ని షరతుగా పెట్టి పాలసీ ఇవ్వవచ్చు. ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టి, పని అయ్యాక స్క్రీన్‌షాట్‌తో మెయిల్ పంపండి. ప్రతి ‘అవును’కూ ఆ రోజు తేదీతో ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోల్డర్‌లో పెట్టండి. గతంలో జరిగిన చిన్న సంఘటన, ఎవరికో ఫిషింగ్ మెయిల్ వచ్చి పాస్‌వర్డ్ మార్చిన సంగతి అయినా, దాచకండి.

5. డబ్బు కట్టే రోజు

బీమా చట్టం, 1938లోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే రిస్క్ మొదలు కాదు. బ్రోకర్ ‘కవర్ పెట్టేశాం’ అన్న మాట చాలదు, కంపెనీ రసీదు చూడండి. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. పన్ను కట్టే వ్యాపారాలు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆసుపత్రులకు ఆ క్రెడిట్ రాదు, బడ్జెట్‌లో పూర్తి మొత్తం వేసుకోండి.

షెడ్యూల్‌లో బీమా పొందినవారి పేరు జాగ్రత్తగా చూడండి. మన కుటుంబ వ్యాపారాల్లో బిల్లింగ్ ఒక ఫర్మ్ పేరుమీద, సర్వర్ కొన్నది అన్నగారి ఫర్మ్ పేరుమీద, ఉద్యోగులు ఇంకో ప్రైవేట్ లిమిటెడ్‌లో ఉండడం మామూలే. ఒక్క పేరే ఉంటే మిగతా రెండింటి నష్టం బయటే. మూడు పేర్లూ, అన్ని బ్రాంచీలూ రాయించండి.

6. దాడి రోజున ఏం చేయాలో ఇప్పుడే కాగితం మీద పెట్టండి

పాలసీ నంబరు, కంపెనీ 24 గంటల హాట్‌లైన్, బ్రోకర్ మొబైల్, బ్యాంకు మేనేజర్ నంబరు ఒక పేజీలో ప్రింట్ తీసి యజమాని ఇంట్లో ఒకటి, అకౌంట్స్ బల్ల దగ్గర ఒకటి ఉంచండి. పాలసీ పీడీఎఫ్‌ను ఆఫీసు సర్వర్‌లో పెట్టకండి. రాన్సమ్‌వేర్ ముఠాలు ముందు వెతికేవాటిలో అదొకటి. మీ లిమిట్ చూసి దాన్నిబట్టి డబ్బు అడుగుతారు.

డబ్బు పోయిందంటే మొదటి ఫోన్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, రెండోది బ్యాంకుకు. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సర్వర్ లాక్ అయిందంటే లాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, మిషన్‌ను మాత్రం ఆఫ్ చేయకండి, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. తెర మీద కనిపించే సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ తర్వాత బీమా హాట్‌లైన్. పక్కవీధి కంప్యూటర్ షాపు వాళ్లను పిలిచి ఫార్మాట్ చేయించడమే అన్నిటికంటే ఖరీదైన తప్పు. ఆధారం పోతుంది. పైగా కంపెనీ ముందస్తు అనుమతి లేకుండా, వాళ్ల ప్యానెల్‌లో (ఆమోదిత నిపుణుల జాబితాలో) లేని వాళ్లతో చేయించిన పనికి డబ్బు రాకపోవచ్చు. మీకు నమ్మకమైన ఐటీ సంస్థ ఉంటే పాలసీ తీసుకునేటప్పుడే దాని పేరు ప్యానెల్‌లో చేర్పించండి.

సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949. లాగ్‌లు (కంప్యూటర్లలో జరిగిన పనుల నమోదులు) 180 రోజులు దాచి ఉంచాలి. డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. డేటా బయటపడితే బాధితులకూ, డేటా రక్షణ బోర్డుకూ తెలపాలన్న బాధ్యత 18 నెలల తర్వాత అమల్లోకి వస్తుంది. బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి. పాలసీ రెండేళ్లకు తీసుకుంటున్నా, వచ్చే ఏడాది రెన్యూవల్ చేస్తున్నా ఈ ఖర్చు లెక్కలో ఉండాలి.

వ్యాపార నష్టం నిరూపించడానికి సర్వేయరు మూడేళ్ల లాభనష్టాల ఖాతాలు, జీఎస్టీ రిటర్నులు, నెలవారీ అమ్మకాలు అడుగుతారు. రిటర్నులు పోర్టల్‌లో దొరుకుతాయి. ట్యాలీ డేటానే లాక్ అయితే మిగతావి దొరకవు. నెలకోసారి ట్రయల్ బ్యాలెన్స్, సేల్స్ రిజిస్టర్ పీడీఎఫ్ తీసి ఆడిటర్‌కు మెయిల్ చేయడం అలవాటు చేసుకోండి.

7. క్లెయిమ్ తిరస్కరిస్తే, పాలసీ ముగుస్తుంటే

తిరస్కరణ ఏ క్లాజు ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగం, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్. సొంత యాజమాన్య సంస్థలు, సూక్ష్మ సంస్థలు 50 లక్షల వరకు వివాదాన్ని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు ఫీజు లేకుండా తీసుకెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్ కార్యాలయమే. కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. పెద్ద సంస్థలు వినియోగదారుల కమిషన్ దారి చూడవచ్చు. వ్యాపార సంస్థ తీసుకున్న బీమా అన్న కారణంతోనే ఆ తలుపు మూయకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెన్యూవల్‌కు నెల ముందు ఐటీ మనిషినీ, అకౌంటెంటునూ అడగండి: ఈ ఏడాది అనుమానం కలిగించిన లాగిన్లు, వింత మెయిళ్లు, కస్టమర్ ఫిర్యాదులు ఏమైనా ఉన్నాయా? ఉంటే పాత పాలసీ ముగియకముందే వాటిని ‘సంఘటన సమాచారం’గా పాత కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. తర్వాత అందులోంచి క్లెయిమ్ పుడితే అది పాత పాలసీ కిందికి వెళ్తుంది. పంపకుండా కొత్త కంపెనీకి మారితే, ముందే తెలిసిన విషయమని కొత్త కంపెనీ అంటుంది, గడువు దాటిందని పాత కంపెనీ అంటుంది.